తపాలా మ్యూజియం చూడటానికి వెళ్తున్నారా? ఒక్క ఉత్తరం వెంట నడవండి

మొదటిసారి తపాలా మ్యూజియానికి వెళ్ళినప్పుడు నేను నేరుగా స్టాంపుల గదిలోకి వెళ్ళి, గోడ పొడవునా ఉన్న ఫ్రేములన్నీ వరసపెట్టి చూశాను. గంటన్నర గడిచేసరికి కళ్ళు మండాయి, కాళ్ళు లాగాయి. బయటికొచ్చి బెంచీ మీద కూర్చుంటే ఒక్క స్టాంపు కూడా సరిగ్గా గుర్తుకు రాలేదు. కొన్నేళ్ళ తర్వాత ఇంకో మ్యూజియంలో, ఒక మూలన గాజు పెట్టెలో ఉన్న పాత కవరు దగ్గర ఆగాను. దాని మీద చిరునామా మూడుసార్లు కొట్టేసి, మూడుసార్లు మళ్ళీ రాసి ఉంది. మూడూ వేర్వేరు చేతిరాతలు. కవరు వెనకవైపు కనపడేలా కింద ఒక అద్దం పెట్టారు, అందులో ఐదు ముద్రలు. ఎవరో ఊళ్ళు మారుతూ పోతుంటే ఆ కవరు వాళ్ళ వెనకాలే తిరిగి తిరిగి చివరికి అందింది. అరగంట అక్కడే నిలబడిపోయాను.

అప్పటినుంచి ఏ తపాలా మ్యూజియానికి వెళ్ళినా ఒకే ప్రశ్న పట్టుకుని తిరుగుతాను: ఈ కాగితం అక్కడినుంచి ఇక్కడికి ఎలా వచ్చింది, ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? స్టాంపు, సంచి, గుర్రబ్బండి, పోస్టు డబ్బా, పిన్‌కోడు, అక్కడున్న ప్రతి వస్తువూ ఈ ప్రశ్నకే ఏదో ఒక జవాబు చెబుతుంది. మీరూ అలా చూడాలని ఇది రాస్తున్నాను.

బయల్దేరేముందు: అక్కడ ఏముందో తెలుసుకోండి

తపాలా మ్యూజియాలన్నీ ఒకలా ఉండవు. కొన్నింట్లో స్టాంపులే ప్రధానం, కొన్నింట్లో బండ్లూ యంత్రాలూ, మరికొన్నింట్లో టెలిఫోను, టెలిగ్రాఫు కూడా కలిసి ఉంటాయి. జర్మనీలో హైన్రిక్ ఫాన్ స్టెఫాన్ 1872లో మొదలుపెట్టిన తపాలా మ్యూజియం ఇప్పుడు బెర్లిన్‌లో కమ్యూనికేషన్ మ్యూజియంగా నడుస్తోంది. వాషింగ్టన్‌లో 1993లో తెరిచిన స్మిత్సోనియన్ నేషనల్ పోస్టల్ మ్యూజియం, రైల్వే స్టేషన్ పక్కనే ఉన్న పాత పోస్టాఫీసు భవనంలో ఉంది. పారిస్‌లో మ్యూజే ద లా పోస్ట్, ఢిల్లీలో డాక్ భవన్‌లోని జాతీయ ఫిలాటెలిక్ (తపాలా స్టాంపుల) మ్యూజియం, టోక్యోలో స్కైట్రీ పక్కన ఉన్న తపాలా మ్యూజియం, ఒక్కోదాని తీరు ఒక్కోటి. లండన్ పోస్టల్ మ్యూజియంలోనైతే ఒకప్పుడు ఉత్తరాలు మోసిన భూగర్భ రైలు సొరంగాల్లోకి మనుషుల్నే ఎక్కించి తీసుకెళ్తారు.

కాబట్టి మ్యూజియం వెబ్‌సైట్ ఒకసారి తెరిచి నాలుగు విషయాలు చూసుకోండి. ఏ రోజు సెలవు? గైడుతో తిప్పే టూర్ ఉందా, ఉంటే ఎన్నింటికి? రైలు ఎక్కడం, ముద్ర కొట్టడం లాంటివాటికి ముందే టైమ్ బుక్ చేసుకోవాలా? ఏదైనా గది మరమ్మతుల కోసం మూసి ఉందా? ఈ చివరిది చాలామంది చూసుకోరు. ప్రత్యేకంగా ఒక వస్తువు కోసమే వెళ్తుంటే, అది ఇప్పుడు ప్రదర్శనలో ఉందో లేదో మెయిల్ పెట్టి అడగండి. పాత స్టాంపుల్ని ఏడాది పొడవునా వెలుగులో ఉంచరు, వంతులవారీగా లోపల పెట్టేస్తారు.

మీ ఇంట్లో ఎవరైనా తపాలా శాఖలో పనిచేసి ఉంటే, మ్యూజియానికి అనుబంధంగా ఆర్కైవ్ ఉందేమో కనుక్కోండి. ఉద్యోగుల నియామకాల రికార్డులు, పాత మార్గాల పటాలు అక్కడ దొరకవచ్చు. దానికి ముందుగా అనుమతి తీసుకోవాలి, అదే రోజు అడిగితే కుదరదు.

వెంట తీసుకెళ్ళాల్సినవి

చిన్న భూతద్దం, పెన్సిలు, చిన్న నోటుపుస్తకం. ఆర్కైవుల్లోనూ చదివే గదుల్లోనూ సాధారణంగా పెన్ను రానివ్వరు, అందుకే పెన్సిలు. ఫోనులో ఫ్లాష్ ముందే ఆపేయండి. ఒక పోస్టుకార్డుకి సరిపడే చిరునామా కూడా రాసి పెట్టుకోండి, ఎందుకో తర్వాత చెబుతాను.

వీలైతే ఇంట్లో ఉన్న పాత ఉత్తరమో కవరో ఒకటి రెండు వైపులా ఫోటో తీసి ఫోనులో ఉంచుకోండి. అక్కడ ముద్రలు చదవడం నేర్చుకున్నాక దాన్ని మళ్ళీ చూస్తే, ఇన్నాళ్ళూ కనపడని సంగతులు కనపడతాయి.

మొదటి పదిహేను నిమిషాలు ఎక్కడా ఆగొద్దు

లోపలికి వెళ్ళాక ముందు మొత్తం ఒక చుట్టు తిరిగి రండి. ఏ గదిలో ఏముందో చూసుకోండి, ఏమీ చదవొద్దు. మిమ్మల్ని ఆపేసే వస్తువులు మూడో నాలుగో తగులుతాయి, వాటిని గుర్తుపెట్టుకోండి. తర్వాత మొదటికి వచ్చి నెమ్మదిగా మొదలుపెట్టండి. మూడు గంటలుంటే అందులో గంట స్టాంపులు లేని కాలానికీ కవర్లకీ, గంట బండ్లకీ రైళ్ళకీ, మిగతాది స్టాంపులకీ మనుషులకీ ఇవ్వండి. మొత్తం గంటే ఉంటే స్టాంపుల గది వదిలేసి కవర్లు చూడండి. స్టాంపు బొమ్మలు ఇంటర్నెట్‌లో బోలెడన్ని దొరుకుతాయి. ఒక కవరును ముందూ వెనకా, మడతలతో, మరకలతో, అసలు సైజులో చూసే అవకాశం మాత్రం అక్కడే దొరుకుతుంది.

స్టాంపు లేని రోజుల గది

ఈ గదిని జనం తొందరగా దాటేస్తారు. రంగులుండవు, అన్నీ గోధుమరంగు కాగితాలే. కానీ మిగతా మ్యూజియం అర్థం కావాలంటే ఇక్కడే ఆగాలి.

ముందు చూడాల్సింది, ఆ ఉత్తరాలకు కవరే లేదు. ఒక పెద్ద కాగితం మీద రాసి, మడతలు పెట్టి, ఒక అంచును ఇంకో అంచులోకి దోపి, లక్కతో అతికించి, పైన ఖాళీగా ఉన్న చోట చిరునామా రాసేవాళ్ళు. ఎందుకంటే బ్రిటన్‌లో 1840కి ముందు ఛార్జీని ఎన్ని కాగితాలు, ఎంత దూరం అని లెక్కేసేవాళ్ళు. కవరు పెడితే అదీ ఇంకో కాగితం కిందే లెక్క, ఛార్జీ పెరుగుతుంది. అందుకే ఒకే కాగితం మీద అడ్డంగా నిండా రాశాక, కాగితాన్ని పక్కకి తిప్పి, ఆ రాత మీదుగానే నిలువుగా మళ్ళీ రాసేవాళ్ళు. మొదట చూస్తే వల అల్లినట్టుంటుంది. అలాంటి ఉత్తరం కనపడితే భూతద్దం తీయండి. అడ్డంగా ఉన్న వరసనే పట్టుకుని చదువుతూ పోతే, నిమిషంలో కన్ను అలవాటుపడి నిలువు గీతల్ని పక్కకి నెట్టేస్తుంది. ఆ కాలపు మనుషులకు అది మామూలు చదువే.

ఇక ముందువైపు, చిరునామా మీదుగా పెద్దగా గీకినట్టు ఒక అంకె ఉంటుంది. చాలామంది దాన్ని ఎవరో పిచ్చిగీత గీశారనుకుంటారు. అది ఉత్తరం అందుకునేవాళ్ళు కట్టాల్సిన డబ్బు. పంపినవాళ్ళు కాకుండా ఎక్కువగా అందుకున్నవాళ్ళే ఛార్జీ ఇచ్చేవాళ్ళు. డబ్బు లేకపోతే ఉత్తరం వెనక్కి వెళ్ళిపోతుంది. పైన చిరునామా రాసే తీరులోనే ఏవో గుర్తులు పెట్టుకుని, తీసుకోకుండానే క్షేమసమాచారం తెలుసుకునేవాళ్ళున్నారని అప్పట్లో చెప్పుకునేవారు. రోలండ్ హిల్ 1837లో తపాలా సంస్కరణల మీద ప్రచురించిన పుస్తకం ఈ పద్ధతినే తిరగేయమంది: డబ్బు ముందే, పంపేవాళ్ళే కట్టాలి, దేశంలో ఎంత దూరమైనా ఒకటే రేటు ఉండాలి. 1840 జనవరి 10న అర ఔన్సు ఉత్తరానికి ఒక పెన్నీ రేటు అమల్లోకి వచ్చింది. 1839లో దాదాపు 7.6 కోట్లున్న ఉత్తరాలు 1840లో 16.8 కోట్లకు చేరాయి. దూరాన ఉన్న పిల్లల గురించి తెలియక ఉండిపోయిన ఎన్ని ఇళ్ళకు ఆ ఏడాది మొదటి ఉత్తరం వచ్చి ఉంటుందో అనిపిస్తుంది నాకు ఆ అంకెలు చూసినప్పుడల్లా.

పెన్నీ బ్లాక్ ముందు ఏం చూడాలి

ప్రపంచంలో మొదటి అంటించే తపాలా స్టాంపు. 1840 మే 1న అమ్మకానికి వచ్చింది, మే 6 నుంచి చెల్లుబాటు. చాలా మ్యూజియాల్లో ఒకటైనా ఉంటుంది. అందరూ దాన్ని మహా అరుదైనదనుకుంటారు గానీ, 6.8 కోట్లకు పైగా ముద్రించారు. దాని గొప్పతనమంతా మొదటిది కావడంలో ఉంది.

దగ్గరికి వెళ్ళి కింది రెండు మూలలు చూడండి. ఒక్కో మూలలో ఒక్కో ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. ఒక షీటులో 20 వరసలు, వరసకు 12 చొప్పున 240 స్టాంపులు. ఎడమ మూల అక్షరం ఎన్నో వరసో చెబుతుంది, కుడి మూల అక్షరం ఆ వరసలో ఎన్నోదో చెబుతుంది. ఎడమ సి, కుడి ఇ ఉంటే అది మూడో వరసలో ఐదోది. నకిలీలు చేసేవాళ్ళకు పని కష్టం కావాలని పెట్టిన ఏర్పాటు ఇది. మీ ఎదురుగా ఉన్న ఆ చిన్న కాగితం ముక్క షీటులో ఎక్కడ కూర్చుందో మీరే చెప్పగలరు. ఈ లెక్క మొదటిసారి అర్థమైనప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది.

అంచులు కూడా గమనించండి. చిల్లులుండవు. పోస్టాఫీసులో కత్తెరతో కత్తిరించి ఇచ్చేవాళ్ళు, అందుకే ఒకవైపు అంచు ఎక్కువ, ఇంకోవైపు అసలే లేకుండా కనిపిస్తాయి. నాలుగువైపులా తెల్ల అంచు మిగిలిన స్టాంపుకి విలువెక్కువ కావడానికి కారణం అదే. చింపడానికి వీలుగా చిల్లులు పెట్టిన స్టాంపులు బ్రిటన్‌లో 1854లో వచ్చాయి. ఇంకో సంగతి, దాని మీద దేశం పేరు ఉండదు. మొదటిది కాబట్టి అవసరం రాలేదు. బ్రిటిష్ స్టాంపుల మీద ఇప్పటికీ దేశం పేరు రాయరు, రాజు లేదా రాణి బొమ్మే గుర్తు.

నల్ల స్టాంపు మీద ఎర్రటి శిలువలాంటి ముద్ర కనపడితే, పక్కనే పెన్నీ రెడ్ ఉందేమో వెతకండి. నల్లరంగు మీద ఎర్ర సిరా సరిగ్గా ఆనేది కాదు, తుడిచేసి స్టాంపును మళ్ళీ వాడేవాళ్ళు. ఏడాది తిరక్కుండానే 1841లో రంగులు తారుమారు చేశారు: స్టాంపు ఎరుపు, ముద్ర నలుపు.

కవరును చదవడం

అసలు పని ఇదే, దీనికి తొందరపడొద్దు. ప్రదర్శనలో ఎన్ని కవర్లున్నా ఒక్కదాన్ని ఎంచుకోండి. ముద్రలు ఎక్కువున్నదీ చిరునామా కొట్టేసి ఉన్నదీ అయితే మంచిది.

ముందు ముఖం చూడండి. చిరునామా ఎవరికి, ఏ ఊరికి? చేతిరాత ఒకటేనా, రెండున్నాయా? రెండో చేతిరాత ఎక్కువగా పోస్ట్‌మ్యాన్‌దో, ఆ ఇంట్లో ఉన్నవాళ్ళదో అయి ఉంటుంది. 'ఇక్కడ లేరు, ఫలానా చోటికి వెళ్ళారు' అని మళ్ళించిన రాత అది.

తర్వాత స్టాంపు మీద పడ్డ ముద్ర. గుండ్రటి ముద్ర అయితే అంచు వెంబడి ఊరి పేరు, మధ్యలో తేదీ, ఒక్కోసారి గంట కూడా ఉంటాయి. ఇది బయల్దేరిన చోటు. నోటుపుస్తకంలో రాసుకోండి.

ఇప్పుడు వెనకవైపు. మంచి మ్యూజియాల్లో కింద అద్దమో, వెనకవైపు ఫోటోనో పెడతారు. అలా లేకపోతే అక్కడి సిబ్బందిని అడగండి, డిజిటల్ కాపీ ఉందేమో చెబుతారు. వెనక ఉన్న ముద్రలు దారిలో ఆగిన చోట్లు, చివరికి చేరిన చోటు. వాటిని తేదీల వరసలో పెట్టండి. కొట్టిన వరసలో అవి ఉండవు, ఖాళీ ఎక్కడుంటే అక్కడ కొట్టేవాళ్ళు. వరసలో పెట్టాక రెండు తేదీల మధ్య ఎన్ని రోజులో లెక్కేయండి. ఎక్కడో ఒకచోట పది రోజులు ఆగిపోయి ఉంటుంది. ఓడ కోసమా, వరదా, యుద్ధమా? పక్కనున్న వివరణలో జవాబు దొరకవచ్చు. దొరక్కపోతే గైడును అడగండి, వాళ్ళకు ఇలాంటి ప్రశ్నలంటే చాలా ఇష్టం.

టి అనే ఇంగ్లీషు అక్షరం ముద్రగా కనపడితే స్టాంపులు తక్కువయ్యాయని అర్థం, లోటు అందుకునేవాళ్ళ దగ్గర వసూలు చేస్తారు. అది 'టాక్స్' (ఛార్జీ) అనే ఫ్రెంచి మాటకు మొదటి అక్షరం. 1874లో బెర్న్‌లో 22 దేశాలు కలిసి కుదుర్చుకున్న ఒప్పందంతో పుట్టిన సంస్థే ఇప్పటి యూనివర్సల్ పోస్టల్ యూనియన్, దాని అధికార భాష ఫ్రెంచి. విమానపు ఉత్తరాల మీద నీలిరంగు చీటీలో 'పార్ ఆవియోఁ' (విమానం ద్వారా) అని ఉండటానికీ అదే కారణం. అంతకుముందు ఒక ఉత్తరం నాలుగు దేశాలు దాటాలంటే ఆ దేశాలు ఒకదానితో ఒకటి విడివిడిగా చేసుకున్న ఒప్పందాలన్నీ చూసి, ఎవరి వాటా ఎంతో లెక్కకట్టాలి. ఆ కాలపు కవర్ల మీద రెండు మూడు రంగుల సిరాల్లో అంకెలు కనిపిస్తే ఆ వాటాల లెక్కలే.

కొన్ని కవర్ల మీద నిలువుగా రెండు మూడు కోతలుంటాయి, లేదా సూదితో గుచ్చినట్టు వరసగా చిల్లులు. కాగితం అక్కడక్కడా గోధుమరంగుకి తిరిగి ఉంటుంది. పాడైపోయిందని దాటెయ్యకండి. ప్లేగు, కలరా భయంతో ఉత్తరాల్ని శుద్ధిచేసిన గుర్తులవి. ఉలితో గాట్లు పెట్టి లోపలికి పొగ పట్టించేవాళ్ళు, లేదా వెనిగర్‌లో ముంచేవాళ్ళు. రోగం కాగితంతో వస్తుందని నమ్మిన రోజులు. అంత భయంలోనూ ఉత్తరాల్ని తగలబెట్టకుండా, చేతనైనంత శుద్ధిచేసి ముందుకే పంపారు. నాకు వీటి ముందు నిలబడితే గొంతు పట్టేస్తుంది.

అంచులు కాలిన కవర్లు కూడా ఉంటాయి. 1937లో కాలిపోయిన హిండెన్‌బర్గ్ గాలిఓడలో 17,000కు పైగా ఉత్తరాలు, కార్డులు ఉన్నాయి, మిగిలినవి 400 లోపే. అలా మిగిలినవాటిని కూడా చిరునామాలు చదవగలిగినంతవరకు అందించారు.

స్టాంపుల గది: చీకటి ఎందుకు, సొరుగులు ఎందుకు

ఈ గదిలో దీపాలు మసగ్గా ఉంటాయి. వెలుగు పడేకొద్దీ స్టాంపుల రంగులు వెలిసిపోతాయి, పోయిన రంగు తిరిగి రాదు. మారిషస్‌లో 1847లో రెండు స్టాంపులు 500 చొప్పున ముద్రించారు, ఒకటి నారింజ ఎరుపు, ఒకటి నీలం. పోర్ట్ లూయిస్‌లోని బ్లూ పెన్నీ మ్యూజియంలో ఆ రెండింటి అసలు ప్రతుల మీద కాసేపే దీపం వేస్తారు, మిగతా సమయమంతా నకళ్ళే కనిపిస్తాయి. కాబట్టి లోపలికి వెళ్ళగానే చీకటిగా ఉందనుకుని వెనక్కి రాకండి. రెండు నిమిషాలు ఆగితే కన్ను సర్దుకుంటుంది. గోడలో నిలువు పలకల్లా ఉండే సొరుగులు బయటికి లాగి చూడాలి, లాగొచ్చో లేదో అని సందేహపడి చాలామంది ముట్టుకోరు. పిడి ఉందంటే మీకోసమే. చూశాక లోపలికి నెట్టేయండి, వెలుగు తగలకుండా.

అన్నీ చూడాలనుకోవద్దు. ఒక విషయం ఎంచుకోండి: పక్షులు, రైళ్ళు, తప్పుగా ముద్రించినవి, ఏదైనా సరే. నేనైతే తప్పులు ఎంచుకుంటాను. 1918లో అమెరికాలో 24 సెంట్ల స్టాంపులో విమానం తలకిందులుగా అచ్చయింది, అలాంటి 100 స్టాంపుల షీటు ఒక్కటే కౌంటర్ దాటి బయటికి వచ్చింది. రెండు రంగుల స్టాంపును రెండుసార్లు యంత్రంలో పెట్టాలి, రెండోసారి కాగితం తిరగబడిందంతే. 1854 నాటి భారతదేశపు నాలుగణాల స్టాంపులోనూ రాణి తల ఇలాగే తలకిందులైంది. బ్రిటిష్ గయానాలో 1856లో వచ్చిన ఒక సెంటు మెజెంటా స్టాంపు ఇప్పుడు ప్రపంచంలో ఒక్కటే మిగిలింది. దాన్ని చూస్తే ఎవరూ గుర్తుపట్టరు, మూలలు కోసిన మురికి ఎరుపు కాగితం ముక్కలా ఉంటుంది. 1852లో సింధులో వచ్చిన సిండ్ డాక్ గుండ్రంగా ఉంటుంది, ఆసియాలో మొదటి స్టాంపు అది. తెల్లకాగితం మీద రంగే లేకుండా ఉబ్బెత్తుగా అచ్చొత్తినది కనపడితే పక్కకి వంగి చూడండి, ఎదురుగా నిలబడితే ఏమీ కనపడదు.

మోసినవాటి గది

ఇక్కడ పెద్ద వస్తువులుంటాయి, ఎక్కువమంది ఫోటోలు తీసుకునేదీ ఇక్కడే. గుర్రబ్బండి దగ్గర ఆగితే చక్రాల్ని వదిలేసి గార్డు సామాను చూడండి. బ్రిస్టల్ నుంచి లండన్‌కి మొదటి మెయిల్ కోచ్ 1784లో నడిచింది. గార్డు దగ్గర తుపాకీ, బూర, తాళం వేసిన పెట్టెలో గడియారం ఉండేవి. బూర ఊదితే ముందున్న సుంకం గేటు తెరిచి ఉంచాలి, మెయిల్ ఆగకూడదు. గడియారానికి తాళం ఎందుకంటే గార్డు టైము మార్చకుండా. అప్పట్లో ఊరూరికీ టైము వేరు, అందుకని బండి వెళ్ళే దిక్కును బట్టి రోజుకి ఇన్ని నిమిషాలు ముందుకో వెనక్కో నడిచేలా ఆ గడియారాన్ని సర్దేవాళ్ళు. చాలా తపాలా శాఖల గుర్తుగా ఇప్పటికీ బూర బొమ్మే ఉంది.

రన్నరు ఈటె ఉంటే దాని మెడ దగ్గరున్న గజ్జెలు చూడండి. సంచి భుజాన వేసుకుని అడవిదారిన పరిగెత్తే మనిషికి ఆ చప్పుడే రక్షణ, జంతువులు తప్పుకునేవి.

రైలు తపాలా పెట్టె ఉంటే లోపలికి తప్పకుండా ఎక్కండి. గోడనిండా గూళ్ళు. రైలు పరిగెడుతుంటే నిలబడి, ఊగుతూ, చిరునామా చూసి ఉత్తరాన్ని సరైన గూట్లో వేసేవాళ్ళు. ఏ ఊరికి ఏ స్టేషన్‌లో దింపాలో మొత్తం నోటికి రావాలి. చిన్న స్టేషన్లలో రైలు ఆగేది కాదు, స్తంభానికి వేలాడే సంచిని పెట్టె పక్కనున్న కొక్కెంతో వేగంగా వెళ్తూనే లాక్కునేవాళ్ళు. బ్రిటన్‌లో ఇలాంటి రైళ్ళు 1838లో మొదలై 2004 దాకా నడిచాయి. లండన్ భూగర్భ మెయిల్ రైల్‌కి డ్రైవరే ఉండేవాడు కాదు. రెండడుగుల వెడల్పు పట్టాల మీద కరెంటుతో 1927 నుంచి 2003 దాకా, పదిన్నర కిలోమీటర్లు ఊరి కిందుగా ఉత్తరాలు మోసింది. ఇప్పుడు ఎక్కిస్తున్న రైలు చాలా ఇరుకు, మూసిన చోట్లంటే టెన్షన్ ఉన్నవాళ్ళు ముందే ఆలోచించుకోండి.

యుద్ధకాలపు తపాలాకి ఒక మూల ఉంటుంది. 1870–71లో పారిస్‌ను ముట్టడించినప్పుడు ఉత్తరాలు బెలూన్లలో బయటికి వెళ్ళాయి, లోపలికి పావురాలు తెచ్చాయి. వందలాది సందేశాల్ని చిన్న ఫిల్ము మీదికి ఫోటో తీసి, చుట్టి, బాతు ఈక గొట్టంలో పెట్టి పావురం తోక ఈకకి కట్టేవాళ్ళు. చేరాక దీపంతో గోడ మీద పెద్దది చేసి, గుమాస్తాలు చూసి రాసి, ఇంటింటికీ పంచేవాళ్ళు. పారిస్ కోసం జింకు బంతుల్లో ఉత్తరాలు మూసి సేన్ నదిలో వదిలారు. ముట్టడి ముగిసేలోపు ఒక్కటీ చేరలేదు, ఎన్నో ఏళ్ళ తర్వాత నది అడుగున దొరికాయి. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా వి-మెయిల్ కూడా ఫిల్ము పద్ధతే: 37 సంచుల్లో పట్టే లక్షన్నర ఉత్తరాలు ఒక్క సంచిలోకి వచ్చేవి.

విమానాల దగ్గర ఒక తేదీ: 1911 ఫిబ్రవరి 18. అలహాబాదులో ఆన్రీ పెకే అనే ఫ్రెంచి పైలట్ దాదాపు 6,500 ఉత్తరాలతో యమున దాటి నైనిలో దిగాడు. అధికారికంగా జరిగిన మొదటి విమాన తపాలా అదే.

గాలి గొట్టాల తపాలా నమూనా ఉంటే వదలకండి. పట్టణం కిందుగా గొట్టాలు వేసి, గాలి ఒత్తిడితో ఉత్తరాల డబ్బాల్ని తోసేవాళ్ళు. పారిస్‌లో 1984 దాకా పనిచేసింది. ప్రాగ్‌లో 2002 వరదలొచ్చేదాకా నడిచింది.

మనుషుల్ని వెతకండి

యూనిఫాంలు, సంచులు, సైకిళ్ళ దగ్గర అరిగిన చోట్లు చూడండి. తోలు సంచి పట్టీ భుజం మీద ఆనేచోట నల్లగా, నున్నగా అయి ఉంటుంది. ముద్రకొట్టే చెక్కపిడి మీద బొటనవేలు ఆనిన గుంట ఉంటుంది. ఎన్నేళ్ళు పట్టుకుంటే చెక్క అలా లోపలికి పోతుందో.

టైటానిక్ పేరు ముందుండే ఆర్‌.ఎం.ఎస్. అంటే రాయల్ మెయిల్ ఓడ అని చాలామందికి తెలియదు. అందులో ఐదుగురు తపాలా గుమాస్తాలు పనిచేసేవాళ్ళు. ఓడలోకి నీళ్ళు వస్తుంటే సంచుల్ని పై అంతస్తుకి మోస్తూ ఉండిపోయారు. ఐదుగురిలో ఒక్కరూ బతకలేదు.

పిల్లలతో వెళ్తే వాషింగ్టన్‌లోని ఓనీ లాంటివి ముందు చూపించండి. ఓనీ ఒక కుక్క, తపాలా సంచుల మీద పడుకుని రైళ్ళలో ఊళ్ళన్నీ తిరిగింది. వెళ్ళిన ప్రతిచోటా గుమాస్తాలు దాని మెడలో ఒక బిళ్ళ కట్టేవాళ్ళు. 1897లో చనిపోయాక గుమాస్తాలే చందాలు వేసుకుని దాని రూపాన్ని భద్రపరిపించారు. పిల్లలకు పని ఇస్తే ఇంకా బాగుంటుంది: పది కవర్లలో ఎక్కువ దూరం వెళ్ళింది ఏదో కనిపెట్టమనండి. ఉత్తరాలు విడదీసే గూళ్ళ ఆట ఉంటే మీరూ వాళ్ళతో పోటీపడండి. కోడు నంబర్లు ఎందుకొచ్చాయో చేతులకే అర్థమవుతుంది. అమెరికాలో జిప్ కోడు 1963లో, భారతదేశంలో పిన్‌కోడు 1972లో వచ్చాయి. అంతకుముందు ఆ పటమంతా గుమాస్తాల తలలోనే ఉండేది.

బయటికొచ్చేముందు ఒక పోస్టుకార్డు

చాలా మ్యూజియాల్లో పోస్టు డబ్బా ఉంటుంది, కొన్నిచోట్ల ప్రత్యేక ముద్ర కూడా కొడతారు. ఆ ముద్ర కావాలంటే కౌంటర్‌లో అడగాలి, మామూలు డబ్బాలో వేస్తే సాధారణ ముద్రే పడవచ్చు. కార్డు కొని, మీకు నచ్చిన ఒక్క వస్తువు గురించి నాలుగు వాక్యాలు అక్కడే కూర్చుని రాయండి. తేదీ, గంట వేయండి. ఇంటి చిరునామాకి ఒకటి, ఇంకెవరికైనా ఒకటి. స్టాంపు పైన కుడిమూలన అంటించి, ముద్ర పడటానికి చుట్టూ కాస్త చోటు వదలండి. కార్డు చేరాక ముద్ర మీది తేదీకీ చేరిన తేదీకీ మధ్య ఎన్ని రోజులో లెక్కపెట్టి కార్డు అంచున పెన్సిల్‌తో రాసుకోండి.

ఇంటికొచ్చాక

పాత ఉత్తరాల కట్ట బయటికి తీయాలనిపిస్తుంది. తీయండి, కానీ ముందు చేతులు కడుక్కుని బాగా ఆరనివ్వండి. రబ్బరుబ్యాండ్లు, పిన్నులు తీసేయండి, తుప్పు కాగితాన్ని తినేస్తుంది. చిరిగినచోట సెలోటేపు వేయొద్దు, కొన్నేళ్ళకు పసుపుపచ్చ మరక మిగులుతుంది. లామినేషన్ అసలు వద్దు. స్టాంపు కోసం కవరు కత్తిరించొద్దు, ముద్రతో సహా మొత్తం కవరే విలువైనది. యాసిడ్ లేని కాగితపు కవర్లలో విడివిడిగా పెట్టి, ఎండా తడీ తగలని అరలో ఉంచండి. ఎవరు ఎవరికి రాశారో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, ఆ వివరం వేరే చీటీ మీద పెన్సిల్‌తో రాసి ఉత్తరంతో పాటే పెట్టండి. ఫోనులో తీసుకెళ్ళిన ఆ ఫోటో కవరుతోనే మొదలుపెట్టండి. ముందు వెనకవైపు తిప్పి, ముద్రల్లో ఎన్ని ఊళ్ళున్నాయో చూడండి.